తేట నీరు చాలదు: ఇంటి చేపల తొట్టికి ఫిల్టర్ ఎంపిక

చిల్లగింజను సానమీద అరగదీసి బిందెలో కలిపితే ఒండ్రు నీళ్లు కాసేపటికి తేరుకుంటాయి. మడ్డి అడుగుకు చేరి, పైన నీరు బిందె అడుగు కనిపించేంత తేటగా నిలుస్తుంది. వరద నీళ్లు తాగి బతికిన మన పెద్దలకు ఇది తెలిసిన విద్యే. అయితే ఆ నీళ్లలో నాలుగు చేపల్ని వదిలి వారం రోజులు మేత వేస్తే, నీరు తేటగా ఉండగానే చేపలు చచ్చిపోవచ్చు. వాటిని చంపేది కంటికి కనిపించని అమ్మోనియా. అంగడిలో ఫిల్టర్ కొనేవాళ్లు సాధారణంగా నీళ్లు ఎంత తేటగా ఉంటాయని అడుగుతారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు నాలుగున్నాయి. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులకు ఇందులో ఎంత చోటుంది? వాటికి ఆక్సిజన్ ఎలా అందుతుంది? దీన్ని సులువుగా విప్పి కడగగలమా? కరెంటు పోతే ఏమవుతుంది? ఈ నాలుగింటికీ జవాబులు ఫిల్టర్ లోపలి పనితనంలోనే దొరుకుతాయి. అందుకే ఒక్కొక్క భాగాన్నీ విప్పి చూద్దాం.

నీటిలో జరిగే పని

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల్లో ఒంటికి పట్టగా మిగిలిన నత్రజని చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వచ్చేస్తుంది. తినకుండా వదిలేసిన మేత, చేపల విసర్జన కుళ్లినా వచ్చేది అదే. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: అమ్మోనియం అయాన్, విడి అమ్మోనియా. చేపకు ఎక్కువ హాని చేసేది విడి అమ్మోనియా. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విడి అమ్మోనియా అర శాతమే. పీహెచ్ 8కి చేరితే అయిదు శాతం దాటుతుంది. పీహెచ్ 8కి దగ్గరగా ఉండే బోరు నీళ్లు మన ఊళ్లలో అరుదు కాదు కాబట్టి ఈ పది రెట్ల తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను ఆక్సిజన్ సాయంతో నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌తో హాని చాలా తక్కువ. కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగిలింది వారం వారం నీళ్లు మార్చినప్పుడు బయటికి పోతుంది. ఈ పనికి పూనుకునే బాక్టీరియాను రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. ఆ తర్వాత కూడా చేపల తొట్లు శాస్త్రజ్ఞులకు కొత్త సంగతులు చెబుతూనే ఉన్నాయి. అమ్మోనియాతో బతికే, బాక్టీరియా కాని ఆర్కియా అనే వర్గపు జీవి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్‌ను తొలిసారి వేరుచేసింది అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టి నుంచే. ఆ ఫలితం 2005లో వెలువడింది. నైట్రోస్పైరా జాతిలో కొన్ని రెండంచెల పనినీ ఒంటరిగా చేయగలవని 2015లో తేలింది. ఆ పరిశోధనల్లో ఒకదానికి నమూనా చేపల పెంపకపు ఫిల్టర్ నుంచే వచ్చింది.

ఈ జీవులు నీటిలో తేలుతూ తిరగవు. గట్టి ఉపరితలాన్ని పట్టుకుని, జిగురు పొర అల్లుకుని, అక్కడే స్థిరపడతాయి. తొట్టిలో సగం నీళ్లు మార్చినా ఇవి పోకపోవడానికి కారణం ఇదే.

వీటి పని ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. నలభై శాతం మాంసకృత్తులున్న మేత రోజుకు ఒక గ్రాము వేస్తే దాదాపు 37 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియా రూపంలో వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో ఇసుక, రాళ్లు పోను సుమారు 50 లీటర్ల నీళ్లుంటాయి. ఎవరూ పని చేయకపోతే రోజుకు లీటరుకు 0.7 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా పేరుకుంటుంది. దాన్ని పూర్తిగా నైట్రేట్‌గా మార్చడానికి గ్రాము నత్రజనికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఆ లెక్కన మన తొట్టిలో రోజుకు సుమారు 170 మిల్లీగ్రాములు, అంటే లీటరు నీటి నుంచి 3.4 మిల్లీగ్రాములు ఖర్చవుతుంది. 28 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో నిండుగా కరిగే ఆక్సిజనే 7.8 మిల్లీగ్రాములు. అందులో చేపలకూ వాటా ఉంది. కాబట్టి మంచి ఫిల్టర్ సూక్ష్మజీవులకు చోటు ఇవ్వాలి, ఆక్సిజన్ ఉన్న నీటిని ఆపకుండా అందించాలి. ఈ రెండు పనుల మీదే మిగతా నిర్మాణమంతా నిలబడింది.

స్పాంజి ఫిల్టర్

అన్నిటికంటే చవకైనది, చూపుకి ఆననిది స్పాంజి ఫిల్టర్. బరువైన పీఠం, దాని మీద చిల్లుల గొట్టం, ఆ గొట్టాన్ని కప్పి స్పాంజి, పైన నిలువు గొట్టం, గాలి తెచ్చే సన్నని పైపు. తొట్టి లోపల ఉండే భాగాలు ఇంతే.

ఇందులో ముందుగా చూడవలసింది స్పాంజినే. పాలియురేథేన్ నురుగు గట్టిపడినప్పుడు లోపల లెక్కలేనన్ని గదులు ఏర్పడతాయి. గదికీ గదికీ మధ్య పలచని పొర అడ్డుగా ఉంటుంది. ఆ పొరలుంటే నీరు ధారాళంగా పారదు. అందుకని నురుగు దిమ్మను గట్టి లోహపు గదిలో పెట్టి, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు నింపి నిప్పు రాజేస్తారు. క్షణంలో మంట దిమ్మ అంతా దూసుకుపోయి పలచని పొరల్ని మాయం చేస్తుంది. గదుల అంచుల్లోని మందపాటి కాడలు మాత్రం నిలుస్తాయి. అలా మిగిలేది అన్ని వైపులా తెరుచుకున్న కాడల అల్లిక. నీరు ఎటునుంచైనా వచ్చి ఎటైనా పోగలదు, ప్రతి కాడ మీదా సూక్ష్మజీవులు నిలవగలవు. అంగుళం గీత మీద ఎన్ని రంధ్రాలు పడతాయన్నది దీని కొలత. ఇరవై రంధ్రాల రకంలో లీటరు స్పాంజికి చదరపు మీటరుకు పైగా ఉపరితలం ఉంటుంది. మనం లెక్కవేసిన ఒక గ్రాము మేత పనికి అరలీటరు స్పాంజి సరిపోతుంది. ముప్ఫై, నలభై రంధ్రాల రకం ఇంకా సన్నని మురికిని పడుతుంది, అంత త్వరగానూ పూడుకుపోతుంది.

ఇక నీరు స్పాంజిలోకి ఎలా వస్తుందో చూడాలి. నిలువు గొట్టం అడుగున గాలి వదిలితే బుడగలు పైకి లేస్తాయి. బుడగలు నీటిని ఎత్తుకుపోతున్నాయని అనిపిస్తుంది గాని అసలు సంగతి వేరు. గాలి కలిసినందువల్ల గొట్టంలోని నీటి స్తంభం తేలికవుతుంది. బయట ఉన్న నీరు అంతే బరువుగా ఉంటుంది. ఆ బరువు స్పాంజి గుండా లోపలికి నెడుతుంది. లోపలి తేలిక నీరు పైకి పొంగుతుంది. ఎత్తే పని చేస్తున్నది తొట్టిలోని నీటి బరువే. ఇది తెలిస్తే చిన్న చిన్న సంగతులన్నీ అర్థమవుతాయి. గాలి ఎంత లోతున వదిలితే తోపు అంత బలంగా ఉంటుంది. గొట్టం మూతిని నీటిమట్టం కంటే పైకి తీసుకెళ్లిన కొద్దీ ధార తగ్గుతుంది. పెద్ద బుడగ నీటిని తప్పించుకుని చటుక్కున పైకి పోతుంది. చిన్న బుడగలు నెమ్మదిగా లేస్తూ గొట్టంలో ఎక్కువసేపు ఉంటాయి, కాబట్టి స్తంభం ఎక్కువ తేలికవుతుంది. మంచి స్పాంజి ఫిల్టర్‌లో గాలి పైపు కొసను ఊరికే వదిలేయకుండా సన్నటి చిల్లులున్న కట్టు బిగించేది ఇందుకే. అదే బుడగల చప్పుడును కూడా తగ్గిస్తుంది.

గాలి పంపును విప్పితే లోపల ఒక విద్యుదయస్కాంతం, దాని ముందు ఊగే చిన్న చేయి కనిపిస్తాయి. చేతి కొసన శాశ్వత అయస్కాంతం ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్‌జ్ కరెంటు దాన్ని ఒకసారి లాగి ఒకసారి నెడుతూ సెకనుకు 50 సార్లు ఊపుతుంది. చేతికి తగిలించిన రబ్బరు తిత్తి ఉబ్బుతూ అణుగుతూ ఉంటుంది. తిత్తి గదికి రెండు రబ్బరు రెక్కలు: ఒకటి గాలిని లోపలికే రానిస్తుంది, రెండోది బయటికే పోనిస్తుంది. గిరగిర తిరిగే భాగం ఒక్కటీ లేదు, నూనె వేయవలసిన చోటు లేదు. కొన్నేళ్లకు అరిగేవి తిత్తి, రెక్కలు మాత్రమే. అవి విడిగా అమ్ముతారు. రెండు మూడు వాట్ల కరెంటుతో రాత్రింబవళ్లు ఇది పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పంపును నీటిమట్టం కంటే పైన పెట్టాలి, లేదా పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ బిగించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్లు సైఫన్ పట్టి పంపులోకి, అక్కణ్నుంచి నేల మీదికి వస్తాయి.

ఈ ఫిల్టర్ పిల్లచేపల్ని లోపలికి లాగేయదు. రొయ్యపిల్లలు స్పాంజి మీద వాలి అక్కడ పెరిగే పాచి మేస్తాయి. కరెంటు పోయినా స్పాంజి తొట్టి నీళ్లలోనే ఉంటుంది గనుక లోపలి జీవులు వెంటనే ఊపిరాడక చావవు. బ్యాటరీతో నడిచే గాలి పంపు తగిలిస్తే పని ఆగదు కూడా. లోపాలు రెండు: తొట్టిలో కొంత చోటు తింటుంది, సన్నని నలకల్ని వదిలేస్తుంది. జర్మన్ పెంపకందార్లు వాడే హాంబర్గ్ మ్యాటెన్ ఫిల్టర్ ఇదే సూత్రానికి పెద్ద రూపం. తొట్టి ఒక చివర నిలువునా స్పాంజి గోడ కట్టి, దాని వెనుక గాలి గొట్టం పెడతారు. గోడ పెద్దది కాబట్టి నీరు దాని గుండా చాలా నెమ్మదిగా పారుతుంది, నెలల తరబడి కడగకపోయినా పూడుకుపోదు.

తిరిగే అయస్కాంతం

గాలితో నడిచేవాటిని పక్కన పెడితే మిగతా ఫిల్టర్లన్నిటికీ గుండెకాయ ఒకటే, నీటిలో తిరిగే చిన్న మోటారు. కరెంటును, నీటిని పక్కపక్కన ఉంచి పదేళ్లు నడపడమన్న కష్టమైన పనిని ఇది తేలిగ్గా పరిష్కరించింది. మామూలు మోటారుకైతే తిరిగే కడ్డీ బయటికి వచ్చే చోట నీరు చొరబడకుండా సీలు కావాలి, ఆ సీలు ఎప్పటికైనా అరుగుతుంది. ఇక్కడ కడ్డీ గోడను దాటదు. రాగి తీగచుట్టల్ని, వాటి ఇనుప గుండును రెజిన్‌లో పోతపోసి మూసేస్తారు. తిరిగే భాగం ఒక అయస్కాంతపు స్తంభం. దాన్ని ప్లాస్టిక్ గోడకు ఇవతల, నీళ్లు నిండిన చిన్న గుంటలో, పింగాణీ కడ్డీ మీద కూర్చోబెడతారు. గోడ అవతలి నుంచి అయస్కాంత క్షేత్రం దాన్ని తిప్పుతుంది. చుట్టూ ఉన్న నీరే కందెన, అదే చలువ కూడా. 50 హెర్ట్‌జ్ కరెంటు మీద రెండు ధ్రువాల అయస్కాంతం నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది.

ఇంత సాదా మోటారుకు రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఏ దిశలో తిరగాలో దానికి తెలియదు. స్విచ్ వేసినప్పుడు అటూ ఇటూ ఊగి, కరెంటు లయ అందుకున్న వైపుకి తిరుగుతుంది. అందుకే చాలా పంపుల్లో రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉంటాయి. ఎటు తిరిగినా నీటిని ఒకేలా విసురుతాయి. రెండోది, ఆగి ఉన్న స్థితి నుంచి నీటి బరువుతో సహా ఒక్కసారిగా కదలడం దానికి కష్టం. అందుకని రెక్కల చక్రాన్ని అయస్కాంతానికి గట్టిగా అతికించరు. కొంత మేర వదులుగా తిరగనిస్తారు. అయస్కాంతం ముందు ఒంటరిగా కదిలి ఊపందుకుని, ఆ తర్వాత రెక్కల్ని తగిలి లాక్కుపోతుంది. ఇంపెల్లర్ అనే ఈ జతను వేళ్లతో పట్టుకుని తిప్పితే రెక్కలు కాస్త వదులుగా ఆడతాయి. విరిగిందని చాలామంది పారేస్తారు గాని, అది కావాలని చేసిన ఏర్పాటు.

హ్యాంగాన్, టాప్ ఫిల్టర్

తొట్టి వెనుక అంచున తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్‌లో ఈ మోటారు నీటిని గొట్టం గుండా లాగి డబ్బా అడుగున పోస్తుంది. నీరు స్పాంజి, సూక్ష్మజీవులు నిలిచే పింగాణీ రింగుల గుండా వెళ్లి వెడల్పాటి పెదవి మీదుగా పలచగా తొట్టిలో పడుతుంది. ఆ పడే చోట నీటిపైభాగం కదిలి ఆక్సిజన్ కలుస్తుంది. మూత తీస్తే అంతా చేతికి అందుతుంది. కొన్నిటిలో మధ్యలో పెట్టే కార్ట్రిడ్జిని నెలనెలా పారేసి కొత్తది కొనమని రాసి ఉంటుంది. అలా చేస్తే నెలనాళ్లు పెరిగిన సూక్ష్మజీవుల్ని చెత్తబుట్టలో వేసినట్టే. దాని స్థానంలో మామూలు స్పాంజి ముక్క కోసి పెట్టుకుని కడుగుతూ వాడుకోవచ్చు. గప్పీలు ఈనే తొట్టి అయితే లోపలికి లాగే గొట్టం మూతికి కూడా స్పాంజి తొడగాలి.

మన దగ్గర మూతతో వచ్చే అచ్చుపోత తొట్లలో ఎక్కువగా కనిపించేది టాప్ ఫిల్టర్. తొట్టి పైన పొడవాటి తొట్టె, అందులో దూది, కింద రింగులు. తొట్టిలో మునిగిన పంపు నీటిని పైకి తెచ్చి చిల్లుల గొట్టంతో దూది మీద చల్లుతుంది. నీరు పలచగా రింగుల మీద జారుతూ గాలి తగులుతూ దిగుతుంది కాబట్టి ఇక్కడి జీవులకు ఆక్సిజన్ కొరత ఉండదు. దూది మార్చడం చిటికెలో పని. పైభాగం ఆక్రమించి మొక్కలకు వెలుతురు తగ్గించడం దీని లోపం.

క్యానిస్టర్

తొట్టి కింద అలమరలో కూర్చునే మూసిన డబ్బా క్యానిస్టర్. గుంటర్ ఏహైమ్ 1949లో జర్మనీలో స్థాపించిన కంపెనీ పేరు ఈ రకంతో ముడిపడిపోయింది. ఆ కంపెనీ క్లాసిక్ 2213 అనే రకం 250 లీటర్ల దాకా తొట్లకు ఉద్దేశించినది. గంటకు 440 లీటర్లు తిప్పే దాని పంపు తీసుకునేది 8 వాట్లు. మూడడుగుల కింద నుంచి నీటిని పైకి తోయడానికి ఇంత తక్కువ కరెంటు ఎలా చాలుతుందన్న సందేహం సహజం. నిజానికి పంపు నీటిని పైకి ఎత్తడం లేదు. దిగే పైపులోని నీటి బరువు, ఎక్కే పైపులోని నీటి బరువు ఒకదాన్నొకటి తూచుకుంటాయి. ఆ వలయంలో గాలి చొరబడనంత కాలం పంపు జయించవలసింది పైపులలో, స్పాంజిలో ఎదురయ్యే రాపిడినే. పైపులలో నాచు పట్టినా, స్పాంజి పూడుకున్నా ధార పడిపోయేది కూడా అందుకే.

డబ్బాలో నీరు అడుగు నుంచి పైకి పారుతుంది, పంపు పైన ఉంటుంది. బరువైన మురికి అడుగునే ఆగుతుంది, చిక్కుకున్న గాలి పైకి పోయి బయటపడుతుంది. వస్తువుల వరస కూడా ఆలోచించి పెట్టిందే. అడుగున గొట్టపు రింగులు ధారను విడగొట్టి డబ్బా అంతా పరుస్తాయి. ఆ పైన ముతక స్పాంజి మురికిని పడుతుంది. దాని పైన సూక్ష్మజీవులుండే రింగులు. చివర సన్నని దూది. ముతకది ముందు, సన్ననిది వెనుక ఉండాలి. తిరగేస్తే దూది రెండు రోజుల్లో పూడుకుపోతుంది.

మూసిన డబ్బా కావడమే దీని బలహీనత కూడా. కరెంటు కొన్ని గంటలు లేకపోతే లోపలి జీవులు ఆ కొద్ది నీళ్లలోని ఆక్సిజన్‌ను తాగేసి తామే కుళ్లడం మొదలుపెడతాయి. కరెంటు రాగానే ఆ మురుగు నీరు నేరుగా తొట్టిలోకి వస్తుంది. కోత చాలాసేపు నడిస్తే డబ్బా విప్పి, ఆ నీళ్లు పారబోసి, తర్వాతే స్విచ్ వేయాలి. మూత రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయడం మరిచిపోకూడదు.

సంప్

పెద్ద తొట్లకు కింద ఇంకో తొట్టి పెట్టే పద్ధతి సంప్. దీని మూలం పాతది. 1871లో తెరిచిన లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ప్రదర్శన తొట్లలోని నీటికి కొన్ని రెట్ల నీటిని నేల కింద చీకటి జలాశయంలో ఉంచి, పంపులతో ఎడతెగకుండా తిప్పించాడు.

ఇంటి సంప్‌లో పై తొట్టి నుంచి నీరు అంచు దాటి పొర్లినప్పుడే దిగుతుంది. పంపు ఎంత తోస్తే అంతే పొర్లుతుంది. పంపు ఆగితే మట్టం అంచు దాకా దిగి అక్కడే నిలుస్తుంది. రెండు ధారల్ని ఎవరూ సరిచూడనక్కర్లేదు. కింద మొదటి గదిలో దూది, రెండో గదిలో రింగులు, ఆ తర్వాత నీరు ఒక పలకను దాటి, ఒక పలక కింద దూరి, మళ్లీ ఒక పలకను దాటేలా మూడు అద్దపు అడ్డాలు. ఈ మెలికలో బుడగలు పైకి తేలిపోయి, చివరి గదిలోని పంపుకు గాలి లేని నీరు చేరుతుంది. ఎండాకాలంలో ఆవిరైన నీటి లోటు ఆ చివరి గదిలోనే కనిపిస్తుంది. పై తొట్టి మట్టం మారదు.

కట్టించేటప్పుడు ఒక లెక్క తప్పనిసరి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టిలో కరెంటు పోయినప్పుడు రెండు సెంటీమీటర్ల నీరు దిగితే అది 11 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నీటిని పైకి పంపే గొట్టానికి నీటిమట్టం కిందనే చిన్న చిల్లు పెడితే సైఫన్ తెగుతుంది. దిగే గొట్టం పూడుకుంటే ఆదుకోవడానికి రెండో గొట్టం ఉండాలి. ఇక్కడ పంపు నీటిని నిజంగానే ఎత్తుతుంది; కాబట్టి ఆ ఎత్తు దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో చూసి కొనాలి.

లోపల నింపేవి

రింగుల పెట్టెల మీద రాసే చదరపు మీటర్లను చూసి మోసపోవద్దు. సూక్ష్మజీవి కంటే సన్నగా ఉండే రంధ్రం లెక్కకు పనికొస్తుందే గాని కాపురానికి పనికిరాదు. దాని మూతి జిగురు పొరతో త్వరగా మూసుకుపోతుంది కూడా. పింగాణీ రింగులు, లావా రాయి, స్పాంజి, అన్నీ పనిచేస్తాయి. నీరు వాటన్నిటికీ సమంగా తగలడమే ముఖ్యం.

ఆక్టివేటెడ్ కార్బన్ వేరే పని చేస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గును బాగా కాగిన ఆవిరిలో ఉంచితే గ్రాముకు వందల చదరపు మీటర్ల లోపలి వైశాల్యం ఏర్పడుతుంది. మందుల అవశేషం, దుంగల నుంచి దిగే రంగు, వాసన దానికి అంటుకుంటాయి. అమ్మోనియా విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. కొన్ని వారాల్లో నిండిపోతుంది గనుక అవసరమైనప్పుడు వాడి తీసేయడం మంచిది. భీమవరం వైపు చెరువుల రైతులకు పరిచయమైన జియోలైట్ మంచినీటిలో అమ్మోనియాను నేరుగా పట్టుకుంటుంది. ఉప్పునీటిలో నానబెడితే దాన్ని వదిలేస్తుంది. అలా మళ్లీ వాడుకోవచ్చు. ఉప్పు వేసిన తొట్టిలో అది పనికిరాకపోవడానికీ కారణం అదే. ఆపద వేళకు జియోలైట్ సాయం, రోజువారీ పనికి సూక్ష్మజీవులే ఆధారం.

ఏది కొనాలి

తొట్టి నీళ్లు గంటకు నాలుగు నుంచి ఆరు సార్లు ఫిల్టర్ గుండా తిరగాలన్నది పెంపకందార్లు వాడే అంచనా. పెట్టె మీది అంకె స్పాంజి లేకుండా, ఎత్తు లేకుండా కొలిచినది కాబట్టి కొంచెం పెద్దదే తీసుకోవాలి. ఆ తర్వాత చేపల్ని చూడాలి. ఫైటర్ చేపకు వడి గిట్టదు. గోల్డ్ ఫిష్ ఎక్కువ తిని ఎక్కువ విసర్జిస్తుంది. దానికి మామూలు కంటే రెట్టింపు ఏర్పాటు కావాలి.

రెండడుగుల తొట్టిలో గప్పీలు, మోలీలు, ఫైటర్, రొయ్యలు అయితే స్పాంజి ఫిల్టర్ చాలు. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి పెడితే ఇంకా మంచిది. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి కడగవచ్చు. మూడడుగుల తొట్టికి హ్యాంగాన్ గాని టాప్ ఫిల్టర్ గాని పెట్టి, తోడుగా ఒక స్పాంజి ఫిల్టర్ ఉంచాలి. మొక్కలు దట్టంగా పెంచి కార్బన్ డయాక్సైడ్ అందించేవారికి క్యానిస్టర్ సరైనది; నీటిపైభాగాన్ని ఎక్కువ కదిలించకుండా నడుస్తుంది గనుక ఆ వాయువు ఎగిరిపోదు. నాలుగడుగులు దాటిన తొట్టికి, ఆస్కార్‌ల వంటి పెద్ద చేపలకు సంప్ ఖర్చు తగినదే. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊరైతే ఏది కొన్నా పక్కన బ్యాటరీ గాలి పంపు తప్పదు.

కొన్న తర్వాత చేయవలసింది కొద్దే, కానీ అది తప్పకూడదు. స్పాంజిని కొళాయి కింద కడగవద్దు. పురపాలక నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. వారం వారం తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండితే చాలు. స్పాంజి మరీ తెల్లబడేలా తోమనక్కర్లేదు. కొత్త నీటిని ఒక రోజు నిలవ ఉంచి గాని, క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపి గాని పోయాలి. సూక్ష్మజీవుల పని నీటిలోని క్షారగుణాన్ని కూడా ఖర్చు చేస్తుంది. గ్రాము నత్రజనికి సుమారు 7 గ్రాముల సున్నపురాయికి సమానమైనంత. కఠినమైన బోరు నీటిలో ఆ నిల్వ ఉంటుంది. వట్టి ఆర్‌వో నీళ్లు పోస్తే అది లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. తాగే నీళ్లే చేపలకూ మంచివనుకుని ఆర్‌వో మాత్రమే వాడకండి.

ఈ సూక్ష్మజీవులు మెల్లగా పెరుగుతాయి. అనువైన చోట మామూలు పేగు బాక్టీరియా ఇరవై నిమిషాల్లో రెట్టింపైతే, ఇవి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పట్టవచ్చు. అందుకే కొత్త ఫిల్టర్ పూర్తిగా పనిలోకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితులుంటే వాళ్ల పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ గడువు బాగా తగ్గుతుంది. లేకపోతే ఫిల్టర్ నడుపుతూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా ఆగండి. తొట్టి, ఫిల్టర్ ఈ వారమే కొనండి. చేపల్ని నెల పోయాక కొనండి.